మీ చెరువులో పక్షులు తగ్గాయా, పక్క చెరువుకి పోయాయా? లెక్క తేల్చుకోవడం ఎలా

సంక్రాంతికి ఊళ్ళకొచ్చినోళ్ళు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, మా చెరువులో గూడబాతులు (పెలికాన్లు) ఈసారి కనపళ్ళేదు, అంతరించిపోతా ఉండాయా ఏంది?" అని ఒకరు, అదే వారం ఇంకొకరు ఫోన్ చేసి "మా ఊరి చెరువు నిండా గూడబాతులే, ఎప్పుడూ ఇన్ని రాలేదు, జనాభా పెరిగినట్టేనా?" అని. ఇద్దరి చెరువుల మధ్య దూరం చూస్తే పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. ఒకరి దగ్గర పోయినవే ఇంకొకరి దగ్గర దిగి ఉండొచ్చు కదా, కానీ ఆ మాట గట్టిగా చెప్పాలంటే ఇద్దరి దగ్గరా లెక్క ఉండాలి, లెక్క ఎవరి దగ్గరా లేదు. అందుకే ఒక్కసారి వివరంగా రాసి పెడతా ఉండా, ఇకమీద అడిగినోళ్ళకి ఇదే పంపిస్తా.

నేను పక్షుల శాస్త్రవేత్తని కాదు. నెల్లూరు జిల్లా కోవూరు పక్క చెరువులమీద చాలా ఏళ్ళుగా లెక్క పెడతా, తప్పులు చేసి నేర్చుకున్నా, అంతే.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. తగ్గడం వేరు, వ్యాపించడం వేరు, తావు మారడం వేరు. ఒక్క చెరువు కట్ట మీద నిలబడి చూస్తే ఈ మూడూ ఒకేలాగ కనపడతాయి. మూడిటినీ విడదీయడానికే ఈ కష్టమంతా.

కావాల్సినవి

బైనాక్యులర్ ఒకటి, 8 ఇంటు 42 అని రాసుండేది తీసుకోండి. ఇంకా పెద్దది చూపిస్తారు షాపులో, 20 రెట్లు 30 రెట్లు అని, వద్దు, చెయ్యి వణుకుతుంది, ఏమీ కనపడదు. కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. చిన్న నోటుబుక్కు, పెన్సిల్ (పెన్ను కాదు, మంచుకి తడిసినా పెన్సిల్ రాత పోదు). ఫోన్లో లెక్క ఎక్కించడానికి ఈబర్డ్ యాప్, గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్, రెండూ ఉచితమే. టోపీ, నీళ్ళు, బూట్లు. చెప్పులతో కట్ట మీద గడ్డిలోకి దిగొద్దు, రక్తపింజరి మీకోసం పక్కకి తప్పుకోదు.

అన్నిటికంటే ముఖ్యంగా తోడు ఒకరు కావాలి. ఎందుకో చివర్లో చెప్తా.

1. ఒక చెరువు కాదు, నాలుగు తావులు పట్టుకోండి

అందరూ చేసే మొదటి తప్పు ఇక్కడే. పక్షులు బాగా వచ్చే చెరువొకటి చూసి దాన్నే ఎంచుకుంటారు. బాగా ఉన్నప్పుడు మొదలుపెట్టారు కాబట్టి ఆ తర్వాత ఏం జరిగినా తగ్గినట్టే కనపడుతుంది.

మీ ఊరి చెరువు ఒకటి, దాని ఎగువనో దిగువనో ఇంకో చెరువు ఒకటి, వరి కయ్యలు ఒక తావు, ఇంకా రొయ్యల గుంటలో పెన్నలో మడుగో ఏదో ఒకటి. పక్షులు అసలు రాని చెరువు కూడా ఒకటి కలుపుకోండి, మొహమాటం వద్దు. వ్యాపించడం అనేది తెలిసేదే అక్కడ. మొదట్లో సున్నా ఉన్న చెరువులో మూడేళ్ళకి నాలుగు నత్తగుల్ల కొంగలు దిగితే అది పెద్ద వార్త, కానీ మొదట్లో మీరు సున్నా అని రాసి ఉండాలి కదా.

కనిగిరి రిజర్వాయర్, కంభం చెరువు లాంటి పెద్దవాటిని ఒక్కరే లెక్క పెట్టాలని చూడొద్దు. ముక్కలు చేసుకుని ఒక ముక్క పట్టుకోండి, ఎప్పుడూ అదే ముక్క. అన్నట్టు కనిగిరి అంటే గుర్తొచ్చింది, రిజర్వాయర్ ఉండేది మన బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, కనిగిరి ఊరు ఉండేది పాత ప్రకాశం జిల్లా పక్క. యాప్‌లో పేరు కొట్టి మొదట వచ్చింది నొక్కేస్తే మీ బాతులు వంద కిలోమీటర్ల అవతల తేలతాయి. మ్యాప్‌లో బిళ్ళ ఎక్కడ పడిందో చూసుకున్నాకే ముందుకు పోండి.

2. నిలబడే చోటు, టైము ఖాయం చేసుకోండి

పొద్దున వెలుతురొచ్చాక మొదలుపెట్టి ఎనిమిదిన్నర లోపల ముగించండి. తూరుపు పక్క నిలబడి పడమర చూడండి, సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఎదురు వెలుతురులో నీటికాకి, బాతు, బొల్లికోడి అన్నీ నల్ల చుక్కలే. మీ చెరువుకి కట్ట పడమర పక్కనే ఉంటే సాయంత్రం పెట్టుకోండి, పర్లేదు, కానీ ఇంక ఎప్పుడూ సాయంత్రమే.

తూము దగ్గర పావుగంట, కలుజు (చెరువు నిండితే నీళ్ళు పొర్లి పోయే చోటు) దగ్గర పావుగంట, అలా రాసిపెట్టుకోండి. ఈరోజు పక్షులు బాగున్నాయని గంట నిలబడి, వచ్చేవారం ఏమీ లేవని అయిదు నిమిషాల్లో బండెక్కితే ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడానికి పనికిరావు. ఏమీ లేని రోజు కూడా ఆ పావుగంట నిలబడాల్సిందే, విసుగొస్తుంది, తప్పదు.

3. పది పన్నెండు పక్షులతో మొదలుపెట్టండి

మొదటి ఏడాదే నూట యాభై రకాలు నేర్చుకోవాలని కూర్చోవద్దు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణం, నీటికాకి, గుడ్డి కొంగ, బొల్లికోడి, చిలువ బాతు, సూదితోక బాతు, తీతువు, లకుముకి, ఇవి చాలు. పేర్లు ఊరూరికీ మారతాయి, మీ ఊళ్ళో ఏమంటారో అదీ పక్కన రాసుకోండి.

ఇక్కడ ఎక్కువగా తప్పయ్యేది తెల్ల కొంగల దగ్గర. పెద్దది, నడిమిది, చిన్నది, పొలంలో గొడ్ల వెంట తిరిగేది, అన్నీ తెల్లగానే ఉంటాయి. తెలియకపోతే "ఏదో తెల్ల కొంగ, 40" అని రాయండి, అదీ లెక్కే. ఊహించి పేరు పెట్టేకంటే అది వెయ్యి రెట్లు మేలు. దూరంగా తెల్లగా పెద్దగా కనపడ్డదల్లా గూడబాతు అని రాసేది ఇంకో తప్పు. గూడబాతు నీళ్ళ మీద పడవలాగ తేలతా ఉంటుంది, ఎర్రకాళ్ళ కొంగ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటుంది, పేరు తెలియకముందే ఆ తేడా పట్టుకోవచ్చు.

4. లెక్క పెట్టే పద్ధతి

ముప్ఫై నలభై లోపల అయితే ఒక్కొక్కటే లెక్క పెట్టండి. అంతకు మించితే ముందు పదింటిని లెక్కేసి, పది పక్షులు ఎంత మేర ఆక్రమించాయో కంటితో కొలుచుకోండి, ఆ కొలత అయిదుసార్లు పేర్చి యాభై ఎంత ఉంటుందో చూడండి, ఆ తర్వాత గుంపు మొత్తం మీద ఆ యాభై ఎన్నిసార్లు పడుతుందో లెక్కేయండి. గుంపు ఒక చివర చిక్కగా ఇంకో చివర పల్చగా ఉంటుంది, అందుకని రెండు చోట్లా వేరేవేరేగా కొలవాలి.

పెద్ద గుంపు చూసినప్పుడు చాలామంది తక్కువే చెప్తారు, ఎక్కువ చెప్తామనుకుంటాం గానీ జరిగేది ఎక్కువగా ఇదే. దీనికి ఇంట్లోనే ప్రాక్టీస్ ఉంది. గుప్పెడు బియ్యం పళ్ళెంలో చల్లి పది సెకన్లు చూసి ఎన్నో చెప్పండి, తర్వాత లెక్క పెట్టండి. మా పిల్లలతో ఆడతా నేను ఈ ఆట, ఎప్పుడూ నేనే ఓడిపోయేది.

ఎగిరిపోయేవి ఉంటాయి. మీ వెనక నుంచి వచ్చి చెరువులో దిగినవి కలపండి, ముందే లెక్కేసినవి లేచి ఇంకో మూల దిగితే వదిలేయండి. కుక్క వచ్చి మొత్తం లేపేసిందంటే ఇంక చేసేదేం లేదు, అప్పటిదాకా లెక్కేసింది రాసి పక్కన "కుక్క" అని రాయండి.

యాప్‌లో సంఖ్య బదులు ఇంటు మార్కు పెట్టే వీలుంది, "ఉన్నాయి, ఎన్నో తెలియదు" అని. బద్ధకమేసి అదే పెట్టేస్తారు చాలామంది. మనం చూసేది తగ్గిందా పెరిగిందా అని కదా, ఇంటు మార్కులో నుంచి అది ఎట్టా తెలుస్తుంది? సుమారుగానైనా సంఖ్య వేయండి. చివర్లో "గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా" అని అడుగుతుంది, అవును అని చెప్పగలిగేలాగ రాయండి. అలా రాస్తేనే మీరు రాయని పక్షి అక్కడ మీకు కనపడలేదని అర్థం వస్తుంది. ఇష్టమైన నాలుగు పక్షులే రాసి కాకుల్నీ గోరింకల్నీ వదిలేసిన లిస్టులో ఆ సంగతి ఉండదు.

5. నీళ్ళు రాయండి, నీళ్ళు, నీళ్ళు

నా మొదటి రెండేళ్ళ నోట్సు పక్షుల వరకు బాగానే ఉంది గానీ నీళ్ళ సంగతి ఒక్క ముక్క లేదు. అందుకే ఆ రెండేళ్ళూ దాదాపు వృథా.

మన పక్క వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో జాస్తి. చెరువులు నిండేదీ అప్పుడే, సూళ్ళూరుపేట పక్క నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్ళు కట్టేదీ ఆ నీళ్ళు చూసుకునే. చెరువు నిండుగా ఉంటే పక్షులు జాస్తి ఉంటాయని అందరూ అనుకుంటారు, ఆ మాట సగమే నిజం. కలుజు దాకా నిండిన చెరువులో గూడబాతుకి, నీటికాకికి పండగే గానీ నిలబడి మేసే కొంగలకి కాలు ఆనదు, అవి కయ్యల్లోకి పోతాయి. జనవరి దాటి నీళ్ళు తీస్తా ఉంటే అంచుల్లో బురద తేలుతుంది, అప్పుడు ఎర్రకాళ్ళ కొంగలు, నత్తల కోసం నత్తగుల్ల కొంగలు, ఆ పైన బురదలో పొడుచుకు తినే చిన్న పిట్టలు దిగుతాయి. ఒకే చెరువు, ఒకే ఏడాది, మూడు నెలల్లో మూడు రకాల జనాభా. పులికాట్‌లో రాజహంసలదీ ఇదే కథ, వాటికి పల్చటి నీళ్ళు కావాలి, లోతు పెరిగితే వేరే మూలకి సర్దుకుంటాయి, చూడ్డానికి పోయినోళ్ళు ఈ ఏడు హంసలు రాలేదని తిరిగొస్తారు.

కాబట్టి ప్రతిసారీ ఇవి రాయండి: తూము మెట్లు ఎన్ని కనపడతా ఉండాయి (ఇదే మీ కొలబద్ద, వేరేది అక్కర్లేదు), అంచున బురద ఎంత, గుర్రపుడెక్క ఎంత మేర కప్పింది, చేపలు పట్టారా, వల ఉందా, చుట్టూ కయ్యల్లో నాట్లా కోతలా. కయ్యకి దమ్ము చేసిన రోజు ట్రాక్టర్ వెనకాల మూడు వందల కొంగలుంటాయి, చెరువులో ఒక్కటీ ఉండదు. దాన్ని తగ్గుదల అంటే ట్రాక్టర్ డ్రైవర్ నవ్వుతాడు.

6. ఎన్నిసార్లు

నవంబరు నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి. అంత కుదరకపోతే జనవరిలో మూడుసార్లయినా పోండి. ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలోనే జరుగుతా ఉంది, మీ లెక్కా ఆ రోజుల్లో ఉంటే మిగతా చోట్ల లెక్కలతో పక్కన పెట్టి చూసుకోవచ్చు. మూడుసార్లు పోయినప్పుడు వచ్చిన సంఖ్యల్లో నడిమిది తీసుకోండి. 20, 35, 400 వస్తే నడిమిది 35. ఆ 400 నిజమే, అబద్ధం కాదు, కానీ దారిన పోతా ఒక పూట దిగిన గుంపయ్యుండొచ్చు.

ఒక్కసారి పోయి కనపళ్ళేదంటే లేదని కాదు. గుర్రపుడెక్కలో దాక్కునే పక్షులు మూడుసార్లు పోతే ఒకసారి కనపడతాయి. అందుకే "ఇన్నిసార్లు పోతే ఇన్నిసార్లు కనపడింది" అనేది కూడా ఒక వరుసలో రాసుకోండి, అయిదుకి నాలుగు, అయిదుకి ఒకటి, అలాగ.

7. ఇప్పుడు తేల్చుకోవడం

ఒక కాగితం మీద అడ్డంగా తావులు, నిలువుగా ఏళ్ళు వేయండి. అర్థం కావడానికి ఊరికే తీసుకున్న లెక్క ఇది: గూడబాతులు మొదటి ఏడు మీ చెరువులో 60, పై చెరువులో 10, రొయ్యల గుంటల దగ్గర 5, ఏటి మడుగులో 15. మొత్తం 90. రెండో ఏడు వరసగా 8, 40, 30, 14. మొత్తం 92.

మీ చెరువొక్కటే చూస్తే 60 నుంచి 8కి పడింది, కొంప మునిగినట్టే. నాలుగూ కలిపితే ఏమీ జరగలేదు, తావు మారాయంతే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎందుకు చచ్చాయి" అని కాదు, "మా చెరువు ఎందుకు నచ్చలేదు" అని. నీళ్ళ వరుస చూడండి, వల ఉందేమో చూడండి, జవాబు సగంసార్లు అక్కడే ఉంటుంది.

మొత్తం 90 దగ్గరే ఉండి, మొదట రెండు తావుల్లో ఉండేవి తర్వాత నాలుగిట్లోనూ కనపడితే అది వ్యాపించడం. సంఖ్య పెరగకుండా కూడా వ్యాపిస్తాయి. దీనికి తిరగబడింది ఇంకా ప్రమాదం: కరువు ఏడాది అన్ని చెరువులూ ఎండి నీళ్ళున్న ఒక్కదాంట్లో అన్నీ చేరతాయి, ఆ చెరువోళ్ళు "పెరిగాయి" అని సంబరపడతా ఉంటారు.

నాలుగు తావుల్లోనూ పడిపోయి, నీళ్ళు మామూలుగానే ఉండి, మూడేళ్ళు అదే దారి పడితే అప్పుడు అనుమానపడండి. అప్పుడు కూడా అనుమానమే, గూడబాతుకి ముప్ఫై నలభై కిలోమీటర్లు ఒక లెక్క కాదు, మీ నాలుగు చెరువులు దాటి పోయుండొచ్చు. కొల్లేరు పక్కన 1946లో పక్షుల పరిశీలకుడు నీలకంఠన్ గారు ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద కాలనీ చూసి రాశారు, ఆ కాలనీ ఆ తర్వాత ఖాళీ అయిపోయింది, ఆ కాలనీ ఒక్కటే చూసినోళ్ళకి కథ ముగిసినట్టే. ఇప్పుడు అదే కొల్లేరులో ఆటపాక దగ్గరా, ఇటు నేలపట్టులోనూ గూళ్ళు కడతా ఉండాయి. అలాగని గుండె మీద చెయ్యేసుకుని పడుకోమని కాదు, ముప్పులో ఉన్న జీవుల ప్రపంచ జాబితాలో ఆ పక్షి ఇప్పటికీ ప్రమాదానికి దగ్గర్లో ఉన్నవాటిలోనే ఉంది.

గూడబాతు లాంటి దూరాలు తిరిగే పక్షికి మీ ఒక్కరి లెక్క చాలదు, చుట్టుపక్కల లెక్క పెట్టేవాళ్ళతో కలపాల్సిందే. ఉన్నచోటే ఉండే తీతువు, లకుముకి లాంటి వాటికైతే మీ నాలుగు తావులే చాలా చెప్తాయి.

ఇంకో మాయ ఉంది, దీంట్లో నేనే పడ్డా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట పక్క అంతా, నేలపట్టుతో సహా, తిరుపతి జిల్లాలోకి పోయింది, కందుకూరు ఏమో ప్రకాశం నుంచి మనకొచ్చింది. జిల్లా పేరు పెట్టి పాత లెక్కా కొత్త లెక్కా తీస్తే నెల్లూరులో గూడబాతులు ఒక్క దెబ్బకి మాయమైనట్టు కనపడుతుంది. పక్షి కదల్లేదు, గీత కదిలింది. ఎప్పుడూ తావు పేరుతోనే పోల్చండి.

8. పెద్దోళ్ళని అడిగేటప్పుడు

మీ లెక్కకి ముందు కాలం సంగతి కావాలంటే చేపలు పట్టే యానాదుల్ని, గొర్రెల కాపర్లని అడగాలి, వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు. అడిగే తీరులోనే ఉంది కిటుకు. "పక్షులు తగ్గాయి కదా తాతా?" అంటే "అవునయ్యా, ఏం మిగిలింది" అంటాడు, మనం బాధపడతామని. "ఈ పిట్ట గూడు ఎక్కడ కట్టేది? గుడ్లు ఏ నెల్లో చూశావు? చివరిసారి ఎప్పుడు చూశావు?" అని అడగండి. ఫోటో చూపించండి, మధ్యలో మన జిల్లాకి రాని పక్షి ఫోటో ఒకటి పెట్టండి, దాన్నీ చూశానంటే మిగతా జవాబులు కాస్త తగ్గించి తీసుకోండి.

ఏళ్ళు అడగొద్దు, గుర్తుండవు. 1984 నవంబరు తుపానుకి ముందా తర్వాతా, 2015 వరదలకి ముందా, 2021లో పెన్న పొంగినప్పటికి ఉండాయా, ఇలా అడిగితే టక్కున చెప్తారు.

సరిచూసుకోవడం

తోడు ఎందుకన్నానంటే ఇందుకు. నెలకోసారి ఇద్దరూ ఒకే చోట నిలబడి, మాట్లాడుకోకుండా, ఒకరి బుక్కు ఒకరు చూడకుండా లెక్క పెట్టండి. ఒకరికి 100, ఇంకొకరికి 110 వస్తే బాగున్నట్టే. 100, 180 వస్తే ఇద్దరి లెక్కా నమ్మొద్దు, ఫోటో తీసి ఫోన్లోనే ఒక్కో పక్షి మీద చుక్క పెట్టుకుంటా లెక్కేయండి, ఎవరు ఎంత తేడా పోతున్నారో తెలిసిపోతుంది. ఈ తేడా తెలిసినప్పుడు ఇంకోటి కూడా అర్థమవుతుంది: మీ ఇద్దరి మధ్యే పదిశాతం తేడా ఉన్నప్పుడు, పోయినేటికి ఈ ఏటికి పదిశాతం తగ్గిందని ఎవరికీ చెప్పలేరు.

మీరే మారి ఉంటారు, అదీ చూసుకోండి. కొత్త బైనాక్యులర్ కొన్న ఏడాది అన్ని పక్షులూ "పెరుగుతాయి". బాతుల రకాలు నేర్చుకున్న ఏడాది కొత్త బాతులు "వస్తాయి". ఎవరో ఫోన్ చేసి "పక్షులు దిగాయి రా" అంటే పరిగెత్తి పోయిన రోజుల లెక్క వేరే పేజీలో రాయండి, మామూలు రోజుల్లో కలపొద్దు.

కొన్ని జాగ్రత్తలు

గూళ్ళున్న చెట్ల కిందకి పోవద్దు, డ్రోను అసలే వద్దు. తల్లి లేస్తే ఎండకి పిల్లలు మాడతాయి, కాకి గుడ్లు ఎత్తుకుపోతుంది. అభయారణ్యం లోపల అయితే ఫారెస్టోళ్ళ అనుమతి తీసుకునే పోండి. గూడు కట్టే అరుదైన పక్షి కనపడితే సరిగ్గా ఏ చెట్టో అందరికీ తెలిసేలాగ పెట్టొద్దు.

రొయ్యల గుంటల దగ్గర యజమానిని అడిగి దిగండి. కొంగలు, నీటికాకులు తినేస్తాయని వాళ్ళకి ఇప్పటికే కోపం, మీరు పక్షుల మనిషి అని తెలిస్తే గొడవ పెట్టుకుంటారు. కాసేపు కూర్చుని టీ తాగి వాళ్ళ గోడు వింటే మాత్రం ఏ నెలలో ఏ పక్షి ఎంత దిగుతుందో మీకంటే బాగా చెప్తారు, నష్టం వాళ్ళది కాబట్టి.

ఒకేచోట నాలుగైదు పక్షులు చచ్చి పడుంటే చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి, ఫోటో తీసి పశువుల డాక్టరుకి, ఫారెస్టోళ్ళకి ఫోన్ చేయండి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఎన్ని, ఏ రకం, ఏ తేదీ అన్నది మాత్రం మీ నోటుబుక్కులో ఆ రోజు లెక్క పక్కనే రాసుకోండి, అప్పటికప్పుడే, ఇంటికి పోయాక రాద్దామనుకుంటే మర్చిపోతారు.